పర్లాకిమిడిలో శుద్ధరాత్రి

క్రిస్మస్‌కి గోవా పోయేవాళ్ళుంటారు, కేరళ పోయేవాళ్ళుంటారు, నేను మాత్రం పర్లాకిమిడి వెళ్ళా. ఆఫీసులో ఈ పేరు చెప్తే సగం మందికి ఎక్కడుందో కూడా తెలీదు, ఒకడైతే కర్ణాటకలోనా అన్నాడు. ఒడిశాలో గజపతి జిల్లా హెడ్‌క్వార్టర్స్ అండీ బాబూ, మన శ్రీకాకుళం జిల్లా పాతపట్నం దాటి కాస్త ముందుకెళ్తే వచ్చేస్తుంది, షాపుల బోర్డులు ఒడియాలోకి మారాయి కాబట్టి రాష్ట్రం మారింది అనుకోవాలి తప్ప ఇంకే తేడా కనపడదు.

మా కొలీగ్ ఒకడిది ఆ ఊరే. ఎప్పట్నుంచో రా రా అంటున్నాడు, పైగా నాకు సైలెంట్ నైట్, అదే తెలుగులో శుద్ధరాత్రి, ఆ క్రిస్మస్ పాటంటే పిచ్చి అని వాడికి తెలుసు, మా ఊరొస్తే ఆ పాట నీకు నాలుగు భాషల్లో వినిపిస్తారా అని ఊరించాడు. నేను క్రిస్టియన్‌ని కాదు. చదివింది మిషన్ స్కూల్లో కాబట్టి డిసెంబర్ వస్తే చాలు అసెంబ్లీలో అందరి చేతా పాడించేవాళ్ళు, దేవుడి సంగతి ఎలా ఉన్నా ట్యూన్ మాత్రం అప్పుడే పట్టుకుంది, ఇంక వదల్లేదు. తర్వాత్తర్వాత దాని చరిత్ర వెతుక్కుని చదవడం కూడా మొదలెట్టా.

విశాఖలో గుణుపూర్ పాసింజర్ ఎక్కా. నౌపడా దాకా మెయిన్ లైను, అక్కణ్ణుంచి బ్రాంచి లైన్లో లోపలికి తిరుగుతుంది. ఈ బ్రాంచి లైను పర్లాకిమిడి రాజావారు వేయించుకున్నది, 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా మొదలై 1931 నాటికి గుణుపూర్ చేరింది, రెండున్నర అడుగుల నారో గేజి, పెద్దవాళ్ళు ఇప్పటికీ చిన్న రైలు అనే అంటారు. 2004లో ఆపేసి బ్రాడ్ గేజి చేశారు. కోతలైపోయిన వరి చేలు, మధ్యలో కుప్పలు, దూరంగా మంచులో మహేంద్రగిరి వైపు కొండలు, కిటికీ పక్కన కూచున్నవాడికి టైం ఎలా పోయిందో తెలీదు. నా ఎదురుగా కూర్చున్నావిడ పక్కావిడతో తెలుగులో మొదలెట్టి మధ్యలో ఒడియాలోకి వెళ్ళి మళ్ళీ తెలుగులో తేలింది, వాక్యం మాత్రం ఒక్కటే.

ఇంటికెళ్ళగానే మావాడి వాళ్ళమ్మగారు, నేను పెద్దమ్మా అని పిలుస్తా, "ఏటి బాబూ, ట్రైను లేటయిపోనాదా, కాళ్ళు కడుక్కొని రా, తినీద్దువుగాని" అన్నారు. ఆ మాట వింటే నేను రాష్ట్రం దాటి వచ్చానని ఎవరంటారు చెప్పండి. పళ్ళెంలో అరిసెలు, పక్కనే కొబ్బరి కూరిన కాకరా పీఠా, మొదటిది మనది రెండోది వాళ్ళది అని నేననుకున్నా గానీ ఆ ఇంట్లో అలాంటి లెక్కలేం లేవు.

ఊరి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అతకదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండు ముక్కలు చేశారు. ఊరు, దాని పైనున్న కొండ ప్రాంతం అటు పోయింది, పాతపట్నం వైపు భాగం ఇటు మద్రాసు ప్రెసిడెన్సీలో మిగిలిపోయింది. ఒడిశా కోసం గట్టిగా నిలబడ్డ మహారాజా కృష్ణచంద్ర గజపతి 1937లో ఆ రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) కూడా అయ్యారు. ఇటు చూస్తే గిడుగు రామమూర్తి పంతులుగారు, దశాబ్దాల పాటు ఆ ఊళ్ళోనే పాఠాలు చెప్పుకుని, కొండల్లో తిరిగి సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసినాయన, ఊరు ఒడిశాలో కలవడం ఇష్టం లేక అదే ఏడాది రాజమండ్రి వెళ్ళిపోయారు. మనం ఇవాళ ఇలా మాట్లాడినట్టే రాసుకుంటున్నామంటే ఆయన చలవే కదా, ఆయన వదిలేసిన ఊళ్ళో తిరుగుతూ ఇది గుర్తు రాకుండా ఎలా ఉంటుంది. ఎవరి బాధ వాళ్ళది, ఎవరి సంతోషం వాళ్ళది, నేను ఎవరి పక్షమూ తీసుకోను. కానీ గీత గీసినప్పుడు అత్తారిల్లు ఒక రాష్ట్రంలో, పుట్టిల్లు ఇంకో రాష్ట్రంలో పడ్డ వాళ్ళు మాత్రం ఇక్కడ ఇంటికొకరున్నారు. పెద్దమ్మగారిదీ అదే కథ, పుట్టిల్లు పాతపట్నం.

24 సాయంత్రం చర్చి దగ్గరికెళ్తే యూత్ వాళ్ళు వెదురు బద్దలతో పెద్ద స్టార్ కడుతున్నారు, లోపల ఎల్ఈడీ బల్బు, పైన ఎర్ర గ్లేజు కాయితం. నా పని మైదా బంక పూయడం. గోరువెచ్చగా ఉన్నప్పుడే పూయాలట, చల్లారితే ఉండలు కట్టి కాయితం ముడతలొస్తుందని ఒక పదో క్లాసు పిల్లాడు నాకు క్లాసు పీకాడు. లోపల హార్మోనియం ముందు రిటైర్డ్ మేస్టారు ఒకాయన, పాటలన్నీ ఆయన చేతి మీదుగానే నడుస్తాయి. ఆయన ముందున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం అట్ట ఊడిపోయి పంచె ముక్కతో కుట్టుంది, మార్జిన్లలో పెన్సిల్‌తో ఏ పాట ఏ శృతిలో ఎత్తుకోవాలో రాసి ఉంది, కొన్ని చోట్ల కొట్టేసి కిందకి దింపి మళ్ళీ రాశారు. "మా గొంతులూ వయసైపోతన్నాయి బాబూ, ఏటాటా ఓ మెట్టు దిగాల్సిందే" అన్నారాయన. అన్నట్టు ఆ పుస్తకంలో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803-1890) ఈ ప్రాంతంవాడే, ఆ మాట చెప్పేటప్పుడు మేస్టారు గొంతులో కాస్త గర్వం పలికింది, పలకాలి కూడా.

రాత్రి కేరల్స్ రౌండ్స్. ట్రాలీ ఆటో మీద కీబోర్డు, డోలక్, ఒక గిటారు, ముందు క్రిస్మస్ తాత వేషంలో మావాడి తమ్ముడు, ఇంటింటికీ ఆగడం, రెండు పాటలు, ప్రార్థన, కేకు ముక్క, టీ, మళ్ళీ బయల్దేరడం. ఒకింట్లో తెలుగు, పక్కింట్లో ఒడియా, ఏ ఇంటి ముందు ఏ భాష అని ఎవరూ చెప్పుకోనక్కర్లేదు, ఆటో ఆగేసరికి అందరికీ తెలిసిపోతోంది. శుద్ధరాత్రి మొదలయ్యేసరికి డోలక్ అబ్బాయి దాద్రా తాళం అందుకున్నాడు. ఈ పాట ఆరు మాత్రల్లో ఊగుతుంది కదా, దాద్రాకి అచ్చం సరిపోతుంది. మనకిప్పుడు అందరూ బాగా నిదానంగా పాడే అలవాటు గానీ మొదట్లో దీని నడక ఇంకాస్త చురుగ్గా ఉండేదని చదివా, డోలక్ పడ్డాక విన్నప్పుడు అది నిజమేననిపించింది. గిటార్ పట్టుకున్న కుర్రాడు కొత్తగా నేర్చుకుంటున్నాడు, మూడే మూడు కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల జట్లు, వచ్చు, ఈ పాటకి ఆ మూడూ చాలు. ఆస్ట్రియాలో మొదలైన పాట ప్రపంచమంతా పాకిందంటే అందులో సగం ఘనత ఆ మూడు కార్డులదే అని నా అభిప్రాయం.

కానీ ఇంకో సగం మోసం ఉంది. కూర్చుని నిద్రపుచ్చే పాటలా సులువుగా మొదలవుతుంది గానీ కింది షడ్జమం నుంచి పై మధ్యమం దాకా పోతుంది, ఒక స్థాయి దాటి ఇంకో మూడు మెట్లు పైకి. "దివ్య నిద్ర పొమ్మా" మొదటిసారి వచ్చేచోట ఆ పై స్వరం తగులుతుంది. మొదటి ఇంటి దగ్గర ఎవరో ఉత్సాహంగా పైనెక్కడో ఎత్తుకున్నారు, అక్కడికొచ్చేసరికి మగాళ్ళందరి గొంతులూ ఒకేసారి కీచుమన్నాయి, నిద్రపోతున్న పిల్లలెవరైనా ఉంటే లేచి కూర్చునేవాళ్ళే. మేస్టారు ఆటో ఆపించి మరీ తిట్టారు.

మిడ్‌నైట్ సర్వీసులో పాస్టర్‌గారు పాట పుట్టిన కథ చెప్పారు, అందరికీ తెలిసిందే, చర్చిలో ఎలక ఆర్గన్ తిత్తి కొరికేసింది, వాయించడానికి లేదు, అప్పుడు ఫాదర్‌గారు గిటార్ మీద పాట కట్టించారు అని. పిల్లలు ఎలక దగ్గర కిలకిలా నవ్వారు. ఇంటికొచ్చాక పెద్దమ్మగారు పొయ్యి మీద టీ పెడుతూ అడిగారు, "బాబూ నువ్వు చదివీసినావు కదా, ఎలక నిజవేనా?"

ఎలక లేదండీ అని చెప్పాల్సొచ్చింది, పక్కనున్న పిల్లల మొహాలు వాడిపోయాయి. పాట రాసిన జోసెఫ్ మోర్, ట్యూన్ కట్టిన ఫ్రాంజ్ గ్రూబర్ ఇద్దరూ ఒడుపు తెలిసిన మనుషులే. మోర్ 1792లో సాల్జ్‌బర్గ్‌లో పెళ్ళికాని తల్లికి పుట్టాడు, చర్చి వాళ్ళ దయతో చదువుకుని ఫాదర్ అయ్యాడు, గిటార్ వాయిస్తాడు. 1816లో మరియాఫార్ అనే ఊళ్ళో ఉన్నప్పుడు ఆరు చరణాల పద్యం రాసి పెట్టుకున్నాడు. తర్వాతి సంవత్సరం ఓబెర్న్‌డోర్ఫ్ అనే ఊరికి మారాడు. గ్రూబర్ పక్కనే ఆర్న్స్‌డోర్ఫ్‌లో బడి పంతులు, ఓబెర్న్‌డోర్ఫ్ చర్చిలో ఆర్గన్ కూడా వాయించేవాడు. 1818 డిసెంబర్ 24న మోర్ ఆ కాయితం ఇచ్చి రెండు గొంతులకి, కోరస్‌కి, గిటార్‌కి సరిపడా ట్యూన్ కట్టమన్నాడు, గ్రూబర్ ఆ రోజే కట్టేశాడు, ఆ రాత్రే ఇద్దరూ కలిసి పాడేశారు. 1854లో గ్రూబర్ స్వయంగా రాసిచ్చిన వివరంలో ఇదంతా ఉంది, ఎలక ఊసే లేదు. ఆయనకి అంత ముసలితనంలో రాయాల్సిన ఖర్మ ఎందుకు పట్టిందంటే, బెర్లిన్ రాజాస్థానం వాళ్ళు ఈ పాట ఎవరిది, ఎక్కడిది అని సాల్జ్‌బర్గ్‌కి వాకబు పంపారు. అప్పటికే జనం అది హేడన్‌దనో మొజార్ట్‌దనో అనుకుంటున్నారు. మోర్ 1848లోనే చేతిలో పైసా లేకుండా పోయాడు. ఆయన సొంత చేతిరాత ప్రతి ఒకటి 1995లో బయటపడింది, పద్యం 1816 నాటిదని దానివల్లే తేలింది.

పాట బయట పడింది ఆర్గన్ రిపేరు చేసేవాడి వల్ల. కార్ల్ మౌరాఖర్ అని టిరోల్‌లో జిల్లర్ లోయ వాడు, ఓబెర్న్‌డోర్ఫ్ వచ్చినప్పుడు పాట కాపీ పట్టుకెళ్ళాడు. ఆ లోయలో ఊళ్ళు తిరిగి పాటలు పాడే కుటుంబాలుండేవి, స్ట్రాసర్లు, రైనర్లు అని. చలికాలం గ్లవ్స్ అమ్ముకుంటూ తిరిగే స్ట్రాసర్లు 1832లో లైప్‌జిగ్‌లో పాడారు, రైనర్లు 1839లో న్యూయార్క్‌లో పాడారు, ఇంగ్లీషు మాటలు 1859లో జాన్ ఫ్రీమన్ యంగ్ రాశాడు, మనం స్కూల్లో పాడింది అదే. పెద్దమ్మగారు అంతా విని, "అయితే మన కొమ్ము బొమ్మలోళ్ళలాగే అన్నమాట, సరుకు పట్టుకొని తిరిగితేనే పేరు" అన్నారు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు తెలుసుగా, పశువుల కొమ్ముల్ని కాల్చి వంచి కొంగలు, రొయ్యలు చేస్తారు.

నాకు ఈ కథలో అన్నిటికంటే పట్టుకున్నది మాత్రం వేరే ఉంది, అది కూడా ఆ రాత్రి చెప్పా. ఓబెర్న్‌డోర్ఫ్ అంతకుముందు విడిగా ఊరే కాదు, సాల్జాఖ్ నదికి అవతల ఒడ్డునున్న లౌఫెన్ పట్నానికి శివారు పేట. ఉప్పు పడవల మీద బతికే జనం. నెపోలియన్ యుద్ధాలయ్యాక 1816లో సరిహద్దు గీసినప్పుడు నదే గీత అయింది, లౌఫెన్ బవేరియాకి, ఓబెర్న్‌డోర్ఫ్ ఆస్ట్రియాకి. పెద్ద చర్చి, పట్నం అన్నీ అవతల దేశంలో ఉండిపోయాయి. ఇవతల పేటలో మిగిలిన చిన్న చర్చిలో రెండేళ్ళ తర్వాత ఈ పాట పుట్టింది. ఇక్కడ మహేంద్రతనయ నది పక్కన కూర్చుని ఆ కథ చెప్తుంటే ఎవరికీ వివరించాల్సిన అవసరం రాలేదు. మావాడి నాన్నగారు అంతసేపూ నోరెత్తని మనిషి, "మరి పెళ్ళిళ్ళు ఎలగ చేసుకునీవారో" అన్నారు, అంతే.

పైగా మోర్ రాసిన ఆరు చరణాల్లో నాలుగోది చూడండి, లోకంలోని జాతులన్నిటినీ యేసు అన్నలా అక్కున చేర్చుకున్నాడు అని దాని సారం. అది రాసింది సరిగ్గా ఆ గీతలు గీస్తున్న 1816లో, యుద్ధాలు అయిపోయి, తిండికి కటకటలాడుతున్న సంవత్సరం. కానీ ప్రపంచమంతా పాడేది మొదటిది, ఆరోది, రెండోది, ఆ మూడే. నాలుగోదాన్ని ఎవరూ పాడరు. నన్నడిగితే పాటకి ప్రాణం అదే, దాన్నే వదిలేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 క్రిస్మస్ రాత్రి వెస్టర్న్ ఫ్రంట్ కందకాల్లో జర్మన్ సైనికులు ఇదే పాట ఎత్తుకుంటే అవతల ఇంగ్లీషు వాళ్ళూ గొంతు కలిపారంటారు కదా, వాళ్ళు పాడింది కూడా మొదటి చరణమే అయ్యుంటుంది, పని మాత్రం నాలుగోదాన్లో రాసినట్టు చేశారు.

మేస్టారు మర్నాడు పొద్దున్న ఇంకో సంగతి చెప్పారు. పాటకి 200 ఏళ్ళు నిండిన 2018 వీళ్ళకి మర్చిపోలేని సంవత్సరం, అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చింది, పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టుకుంటూ ఇటొచ్చి గజపతి జిల్లా కొండల్లో కుండపోత కురిపించింది, కొండచరియలు విరిగి పడి జనం చచ్చిపోయారు. ఆ డిసెంబర్‌లో చాలా ఇళ్ళ మీద ఇంకా టార్పాలిన్లే, కీబోర్డు నీళ్ళలో నాని పాడైపోయింది, ఇంక డోలక్కు, గొంతులు, అంతే. "ఆ ఏడాది పాడినట్టు మళ్ళీ ఎప్పుడూ పాడలేదు" అన్నారు. ఓబెర్న్‌డోర్ఫ్ చర్చి కూడా వరదలకే పాడైంది, 1890ల్లో నది పొంగి పొంగి చివరికి కూల్చేశారు, ఇప్పుడున్న చిన్న చాపెల్ 1937 నాటిది. ఈ ముక్క చెప్తే మేస్టారు తలూపి "నది పక్కనున్నోళ్ళకి తప్పదు" అన్నారు.

25 మధ్యాహ్నం బైకు మీద గుమ్మా దాటి సెరంగో వైపు వెళ్ళాం. ఘాట్ రోడ్డు, స్వెట్టర్ వేసుకున్నా చలి, దారి పొడుగునా జీడి మామిడి తోటలు. ఈ జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం మూడో వంతు కంటే ఎక్కువ మంది క్రైస్తవులే, ఎక్కువ భాగం కొండల్లో ఉండే సవరలు. కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళు పర్లాకిమిడి నుంచి పైకెక్కి సెరంగోలో ఆస్పత్రి పెట్టారు, దాని చుట్టూనే ఇదంతా పెరిగింది. ఒక ఊళ్ళో ఆగాం, మావాడికి తెలిసినవాళ్ళు, వీధి మధ్యలో వరుసగా ఇళ్ళు, చివర చర్చి, అందరూ చాపలు పరుచుకుని సామూహిక భోజనాలు. సవర పాటల పుస్తకం ఇచ్చారు, అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు సవరవి, నాకు చదవడం వచ్చింది గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆడవాళ్ళు పాడారు. హార్మనీ అంటే సినిమా వాళ్ళది కాదండీ, ఒకావిడ కింద శృతిలో గట్టిగా పట్టుకుని కూర్చుంది, మిగతావాళ్ళు దాని మీద నడిచారు, ఆ పై స్వరం దగ్గరికొచ్చేసరికి ఒక్కరూ కీచుమనలేదు ఎందుకంటే వాళ్ళు ఎత్తుకున్నదే చాలా కింద. నిన్న రాత్రి మేస్టారు అరిచి అరిచి చెప్పింది వీళ్ళకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. భోజనంలో పంది కూర, మండియా (రాగి) అంబలి, అంబలి రెండు గ్లాసులు తాగా.

మావాడు లెక్కెట్టాడు, తెలుగు, ఒడియా, సవర, ఇంగ్లీషు, నాలుగు అయిపోయాయి కదా అని. అయితే జర్మన్‌లో ఒక్కసారి నువ్వు పాడాల్సిందే అన్నారు అక్కడివాళ్ళు, మొదటి చరణం వచ్చు కాబట్టి పాడా, ఉచ్చారణ ఎలా ఉందో నాకే తెలీదు, వాళ్ళకి ఎలాగూ తెలీదు. పాడాక నాలుగో చరణం సంగతి అక్కడ కూడా చెప్పా. ఒక కుర్రాడు సవర మాటల్లో రాస్తానన్నాడు. రాస్తే ఫోన్లో పంపమన్నా, ఇంకా రాలేదు, నేనూ తొందర పెట్టట్లేదు.

కిందకి దిగి వచ్చేసరికి చీకటి పడిపోయింది, మేస్టారు చర్చి గుమ్మంలో పుస్తకం ముందేసుకుని పెన్సిల్ చెక్కుతున్నారు. సవర ఊళ్ళో విన్నది చెప్పగానే శుద్ధరాత్రి పేజీ తీసి పాత శృతి కొట్టేసి ఇంకో రెండు మెట్లు దింపి రాశారు, రాసి యూత్ వాళ్ళందరికీ వినపడేలా ప్రకటించారు, వచ్చే ఏడాది దీనికన్నా పైన ఎవడు ఎత్తుకుంటే వాడికి ఏ ఇంట్లోనూ కేకు లేదు అని.